గడ్డిలో నక్కి కూర్చోవడం నేర్పిన ఆట: పోకెమాన్ లెజెండ్స్ ఆర్కియస్

స్నోర్లాక్స్ అటు తిరిగి ఉంది. అది ఒక పోకెమాన్, అంటే ఈ ఆటల్లో బాల్ విసిరి పట్టుకునే ఊహాజీవి. నేను పొడుగు గడ్డిలో బి బటన్ నొక్కి నక్కి కూర్చున్నాను. దాని కళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి, ఒళ్లు మామూలు స్నోర్లాక్స్ కంటే ఎంతో పెద్దది. ఇలాంటి వాటిని ఈ ఆటలో ఆల్ఫా అంటారు. దాని లెవల్ 45. నా టీమ్‌లో అన్నిటికన్నా గట్టిది కూడా 20 దాటలేదు. అంటే ఎదురుపడి పోరాడితే గెలిచే దారే లేదు. పక్కన మా తమ్ముడు ఊపిరి బిగబట్టి, "అక్కా, ఇప్పుడే వద్దు, ఇంకో రెండడుగులు" అంటున్నాడు. ఆ రెండడుగులు వేయకుండానే విసిరాను. బాల్ దాని భుజం పక్కనుంచి జారిపోయి గడ్డిలో పడింది. అది ఇటు తిరిగింది. కాసేపటికి స్క్రీన్ ఎర్రబడి, నేను క్యాంపులో లేచాను. సంచిలోని సామాన్లలో కొన్ని పోయాయి.

అప్పుడే అర్థమైంది, ఈ ఆటను పాత పద్ధతిలో ఆడలేమని.

పోకెమాన్ లెజెండ్స్ ఆర్కియస్‌ను గేమ్ ఫ్రీక్ అనే సంస్థ తయారు చేసింది. 2022 జనవరి 28న నింటెండో స్విచ్ అనే గేమ్ కన్సోల్ మీద వచ్చింది. నేను ఈ సిరీస్‌లో చాలా ఆటలు ఆడాను కాబట్టి ఆ పాత పద్ధతి ఏమిటో ముందు చెబుతాను, లేకపోతే ఇందులో కొత్తేమిటో తెలియదు. 1996లో జపాన్‌లో మొదటి ఆటలు వచ్చినప్పటి నుంచీ సూత్రం దాదాపు ఒకటే: గడ్డిలో నడుస్తుంటే పోకెమాన్ ఎదురవుతుంది, తెర మారుతుంది, వంతులవారీగా దెబ్బలు వేసి దాని ప్రాణం తగ్గించి, బాల్ విసరాలి. దాని వెనక లెక్క ఉంది. ప్రతి పోకెమాన్‌కూ ఒక క్యాచ్ రేట్, అంటే ఎంత సులువుగా దొరుకుతుందో చెప్పే అంకె, ఉంటుంది. సులువుగా దొరికేవాటికి 255, లెజెండరీలనే అరుదైన పోకెమాన్‌లలో చాలావాటికి 3. ఫాల్స్ స్వైప్ అనే దెబ్బ ఎంత గట్టిగా తగిలినా ప్రాణంలో చివరి ఒక్క పాయింటు వదిలేస్తుంది. అలా ఒక్క పాయింటుకు దించితే, నిండు ప్రాణంతో ఉన్నప్పటికన్నా దొరికే అవకాశం దాదాపు మూడింతలవుతుంది. నిద్రపుచ్చితే ఈమధ్య ఆటల్లో ఇంకో రెండున్నర రెట్లు. క్విక్ బాల్ అనే రకం బాల్‌ను మొదటి వంతులోనే వేస్తే ఐదు రెట్లు. నేను ఏళ్ల తరబడి ఈ లెక్కలతోనే ఆడాను. ఇష్టంగానే ఆడాను. కానీ ఎదురుగా ఉన్న జంతువు ఏం చేస్తోందో ఒక్కసారీ గమనించలేదు. గమనించాల్సిన అవసరం రాలేదు.

ఆర్కియస్‌లో ఆ అవసరం మొదటి వేటలోనే వస్తుంది. హిసుయి అనే పాతకాలపు ప్రాంతంలో, జూబిలైఫ్ అనే చిన్న ఊళ్లో, మనకు ఒక పరీక్ష పెడతారు: మూడు పోకెమాన్‌లను పట్టి చూపించాలి. బిడూఫ్, స్టార్లీ, షింక్స్. బిడూఫ్ మనల్ని చూసి కుతూహలంగా దగ్గరికి వస్తుంది, దానికి నక్కడం అక్కర్లేదు. స్టార్లీ కనిపించగానే తుర్రుమంటుంది. షింక్స్ మనమీదికే వస్తుంది. మూడు పోకెమాన్‌లు, మూడు స్వభావాలు. ఆట మొత్తానికీ పునాది ఈ చిన్న పాఠమే. పాఠంలా అనిపించకుండా చెప్పారు, అది నాకు బాగా నచ్చింది.

ఇక పట్టే విధానం. జడ్ఆర్ బటన్ నొక్కి పట్టుకుంటే గురి వస్తుంది, వదిలితే బాల్ వెళ్తుంది. తెర మారదు, పోరాటం తప్పనిసరి కాదు. పోకెమాన్ మనల్ని చూడనప్పుడు వెనకనుంచి తగిలితే దొరికే అవకాశం బాగా పెరుగుతుంది. చూసేసి కోపం మీదుంటే గురి మీద ఎర్రటి ఇంటూ గుర్తు పడుతుంది. అప్పుడు బాల్ వేసినా లాభం లేదు. మన పోకెమాన్‌ను దింపి పోరాడాలి, లేదా పారిపోయి, అది శాంతించాక మళ్లీ రావాలి. నేను ఎక్కువసార్లు రెండోదే చేశాను.

బాల్ తగిలాక అది నేలమీద కదులుతూ చిన్న పొగ వదులుతుంది. దొరికితే టప్‌మని చిన్న టపాసులా పైకి మెరుపు లేస్తుంది. ఈలోగా మనం ఆగాల్సిన పని లేదు. ఒక బాల్ ఇంకా ఊగుతుండగానే పక్కనున్న దానిమీద ఇంకోటి వేయొచ్చు. ఒకసారి స్టార్లీల గుంపు మీద వరసగా నాలుగు వేశాను. మూడు టపాసులు ఒకదాని వెంట ఒకటి పేలాయి. నాలుగోది ఎగిరిపోయింది. నాకు ఆ రోజంతా అదే గుర్తొచ్చింది.

బాల్స్ ఎంచుకోవడంలోనే సగం తెలివి ఉంది. మొదలుపెట్టేవాళ్లు దీనిమీద కాస్త టైమ్ పెట్టండి. ఫెదర్ బాల్ తిన్నగా, దూరం పోతుంది. గాలిలో ఉన్నవాటికీ, దగ్గరికి రానివ్వనివాటికీ అదే మంచిది. హెవీ బాల్ దూరం పోదు, కొంచెం దూరంలోనే కింద పడిపోతుంది, అందుకే గురి కాస్త పైకి పెట్టాలి. కానీ మనల్ని గమనించని పోకెమాన్‌కు దగ్గరనుంచి వేస్తే మామూలు బాల్ కంటే చాలా నయం. అన్నీ మనమే తయారు చేసుకోవచ్చు. ఒక ఏప్రికార్న్ కాయ, ఒక టంబుల్‌స్టోన్ రాయి కలిపితే ఒక పోకే బాల్. మన పోకెమాన్‌ను చెట్టుమీదికి విసిరితే కాయలు రాలుతాయి, బండమీదికి విసిరితే రాళ్లు. బాల్స్ కొనుక్కోవడం కన్నా ఇలా పోగుచేసుకోవడమే నాకు ఇష్టం, ఎందుకంటే కాయల కోసం తిరుగుతున్నప్పుడే ఏ జంతువు ఎక్కడ తిరుగుతుందో తెలిసింది.

ఆహారం విసరడం మొదట్లో నేను పట్టించుకోలేదు. అది పొరపాటు. బెర్రీ పండు విసిరితే పోకెమాన్ ఆ పండు దగ్గరికి వెళ్లి తినడం మొదలుపెడుతుంది, అప్పుడు వెనకనుంచి వెళ్లొచ్చు. ఏది ఏ ఆహారం ఇష్టపడుతుందో పోకెడెక్స్‌లో, అంటే పోకెమాన్‌ల వివరాలు రాసుకునే పుస్తకంలో, ఉంటుంది. స్మోక్ బాంబ్ వేస్తే ఆ పొగలో నక్కి, గడ్డి లేని చోట కూడా దగ్గరికి చేరొచ్చు.

స్నోర్లాక్స్‌ను పట్టింది వీటితోనే. దానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. మూడోరోజు ఆడలేదు, ఊరికే దూరంగా కూర్చుని చూశాను. అది ఎటు నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో, ఎంతసేపటికి వెనక్కి తిరుగుతుందో. తమ్ముడు మనసులో లెక్కపెట్టి "ఇప్పుడు" అనేవాడు. నాలుగోరోజు దాని దారికి పక్కన పొగ వేసి, లోపల కూర్చుని, అది దాటిపోయాక వీపు మధ్యలోకి హెవీ బాల్ వేశాను. విడిపించుకుంది. పరిగెత్తాం. మళ్లీ అదే. మళ్లీ విడిపించుకుంది. మూడోసారి బాల్ ఊగింది, పొగ వచ్చింది, ఇంకోసారి ఊగింది, మెరుపు లేచింది. ఇద్దరం ఒకేసారి లేచి నిలబడ్డాం.

ఈ సిరీస్‌ను ఊహించిన సతోషి తజిరి చిన్నప్పుడు పురుగులు పోగుచేసేవాడు. ఆ సరదా నుంచే ఈ ఆట పుట్టింది. పురుగును పట్టేవాడు దాన్ని కొట్టి బలహీనం చేయడు. చప్పుడు చేయకుండా వెళ్లి, ఎప్పుడు ఎగురుతుందో కనిపెట్టి చేయి వేస్తాడు. ఇన్నేళ్లకు ఆ కదలిక ఆటలోకి వచ్చిందని నాకు అనిపించింది.

పోకెడెక్స్ నింపడం కూడా ఇదే దారిలో ఉంటుంది. ఒక్కటి పట్టేస్తే పేజీ పూర్తి కాదు. కంటపడకుండా పట్టడం, గాలిలో ఉండగా పట్టడం, ఫలానా దెబ్బ వాడటం చూడటం, ఇలాంటి పనులు చేస్తూ 10వ స్థాయికి తేవాలి. మొత్తం 242 పోకెమాన్‌లు. ఆట పేరులో ఉన్న ఆర్కియస్ అనే పోకెమాన్‌ను చేరాలంటే దాదాపు మిగతావన్నీ పట్టాలి.

లోపాలూ చెప్పాలి. దూరంగా ఉన్న పోకెమాన్ కదలికలు తెగి తెగి కనిపిస్తాయి. గడ్డి, చెట్లు మనం దగ్గరికి వెళ్లాక ఒక్కసారిగా ప్రత్యక్షమవుతాయి. దూరంనుంచి గమనించడమే ప్రాణమైన ఆటలో ఇది చిన్న సమస్య కాదు. సంచి మొదట్లో మరీ చిన్నది. పెంచుకోవాలంటే ఆటలోని డబ్బు కట్టాలి, ఆ ధర ప్రతిసారీ పెరుగుతుంది. మొదటి గంటలో మాటలు ఎక్కువ, వేటకు వదలడానికి ఆలస్యం చేస్తారు. నోబుల్స్ అనే పెద్ద పోకెమాన్‌లతో తలపడే ఘట్టాలు నాకు గుర్తుండలేదు.

వంతులవారీ పోరాటాల కోసం, లెక్కల కోసం ఈ సిరీస్ ఆడేవాళ్లకు ఇందులో వెలితి ఉంటుంది, ముందే చెబుతున్నాను. ఓపిగ్గా ఒకచోట కూర్చుని చూడటం ఇష్టమైనవాళ్లు మాత్రం తప్పకుండా ఆడండి.

ఇప్పుడు తమ్ముడు తన ప్రొఫైల్‌లో కొత్తగా మొదలుపెట్టాడు. హెవీ బాల్స్ ఎక్కువ చేసుకో అని మాత్రం చెప్పాను, ఇంకేమీ చెప్పలేదు. నిన్న సాయంత్రం అరగంటసేపు అదే గడ్డిలో, అదే స్నోర్లాక్స్ వెనక కూర్చున్నాడు. నేను పక్కన ఉన్నాను. బాల్ ఇంకా వేయలేదు.