పైపు తుప్పుకు ఫైబర్ గ్రేటింగులు: ముంచేది టెంపరేచర్ గొట్టమే

గ్రేటింగ్ అంటే గాజు ఫైబర్‌లో ఒక్క తరంగదైర్ఘ్యం వెలుగునే తిప్పికొట్టే చిన్న భాగం. అది సాగినా వేడెక్కినా ఆ తరంగదైర్ఘ్యం పికోమీటర్లలో జరుగుతుంది, ఆ కదలికను కొలిచే పెట్టె ఇంటరాగేటర్. మూడేళ్ల వాడకంలో తేలింది ఇది: తుప్పును పట్టేది పైపు చుట్టూ అతికించిన గ్రేటింగే అయినా, లెక్కను నిలబెట్టేదీ ముంచేదీ దాని పక్కన సన్నటి స్టీలు గొట్టంలో పెట్టే టెంపరేచర్ గ్రేటింగ్. అమ్మేవాళ్లు దాని గురించి అర ముక్క కూడా చెప్పరు.

8 అంగుళాల షెడ్యూల్ 40 పైపు, గోడ 8.18 మిల్లీమీటర్లు, లోపల ప్రెషర్ 40 బార్. చుట్టుకొలత సాగుదల దాదాపు 230 మైక్రోస్ట్రెయిన్ (పొడవులో పది లక్షల వంతు సాగితే ఒక మైక్రోస్ట్రెయిన్), అంటే గ్రేటింగ్ కదలిక 275 పికోమీటర్లు. గోడ 10 శాతం అరిగితే అదే ప్రెషర్‌కి పైపు ఇంకాస్త సాగుతుంది, దీనికి తోడయ్యేది 30. స్టీలుకు అతికిన గ్రేటింగ్ ఒక్క డిగ్రీ వేడెక్కితే కదిలేది సుమారు 25. ఎండ కాస్త ముదిరితే చాలు, పైపు అరిగిపోయినట్టే కనిపిస్తుంది. ఆ వేడి వాటా తీసేయడానికే టెంపరేచర్ గ్రేటింగ్: గొట్టంలో వదులుగా ఉండి, పైపు సాగుదలకు కాక వేడికే కదలాలి.

మా లైన్లో జరిగింది మాత్రం దీనికి ఎదురు. రెండేళ్లు తెర మీద సాగుదల గీత కదల్లేదు. యూటీ గేజ్ (అల్ట్రాసౌండ్‌తో గోడ మందం కొలిచేది) పెడితే గోడ పలచబడి ఉంది. షట్‌డౌన్‌లో గుట్టు బయటపడింది. ప్రెషర్ సున్నాకు దిగిన మొదటి నిమిషంలోనే, పైపు ఇంకా చల్లబడకముందే, టెంపరేచర్ గ్రేటింగ్ 90 పికోమీటర్లు పడిపోయింది. వదులుగా ఉంటే అది ప్రెషర్‌కి కదలకూడదు. అతికించేటప్పుడు పలచని ఎపాక్సీ జిగురు గొట్టం మూతిలోంచి లోపలికి పాకి ఫైబర్‌ని పట్టేసింది. వదులు ఫైబర్‌కి డిగ్రీకి 10 పికోమీటర్ల లెక్క కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆ 90ని 9 డిగ్రీల చల్లదనం అనుకుని, 25 చొప్పున 225 సర్దేసింది. 275 కనిపించాల్సిన చోట మిగిలింది 50. అరుగుదలనూ అలాగే మింగేసింది: 10 శాతం పోయినా తెర మీద ఐదారు పికోమీటర్లే.

ఇప్పుడు చుట్టు గ్రేటింగ్ ముందు అతికించి, అది పూర్తిగా గట్టిపడ్డాకే గొట్టం పెడుతున్నాం, అదీ పేస్టులా చిక్కగా ఉండే ఎపాక్సీతో. లోపల ఫైబర్ కాస్త వదులుగా ఉండాలి. ఇన్సులేషన్ మూసేముందు ప్రెషర్ ఒకసారి దించి చూడాలి. గొట్టంలోది కదిలితే పీకి మళ్లీ పెట్టాల్సిందే.

ఇన్సులేషన్ విప్పకుండా, స్కాఫోల్డింగ్ కట్టకుండా గోడ సంగతి తెలుస్తుందని మొదట్లో చాలా మెచ్చుకున్నాం. ఆ మెప్పు సమంగా అరిగే గోడకే చెల్లుతుంది. గ్రేటింగ్‌కి దూరంగా పడిన చిన్న గుంట దానికి కనబడదు. మరొకటి, ప్రెషర్ మారకపోయినా సాగుదల నెలనెలా తగ్గుతుంటే గోడ బాగుపడుతున్నట్టు కాదు, జిగురు వదులుతున్నట్టు.

మా లైన్ ప్రెషర్ నిలకడగా 40 బార్ దగ్గర ఉంటుంది కాబట్టి మళ్లీ ఇవే పెడతాం. 10 బార్ లైన్లో అయితే 10 శాతం అరుగుదలకు వచ్చేది ఏడెనిమిది పికోమీటర్లు, అంటే డిగ్రీలో మూడో వంతు. అక్కడ యూటీ గేజే నయం.