లావు తగ్గమని చెప్పడానికి ఏది మేలు: డైట్ చార్టా, పెద్ద క్లాసా, అయిదు నిమిషాల మాటా?

నెల్లూరు జిల్లాలో, పెన్నకు ఉత్తరాన ఉన్న ఒక పల్లెలో నేను ఏఎన్ఎంని. ముప్పై దాటిన వాళ్లకు బీపీ, సుగర్, బరువు చూసి రాసుకోవడం మా పనిలో భాగం. ఒకప్పుడు ఈ ఊరి ఆడవాళ్ల గురించి నా దిగులంతా రక్తం తక్కువనే. అది ఇప్పటికీ ఉంది. దాని పక్కనే బరువు కూడా వచ్చి కూర్చుంది, చాలాసార్లు ఒకే మనిషిలో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 33 శాతం మంది ఉండాల్సినదానికన్నా బరువున్నారు. 2019-21 నాటికి అది 36 దాటింది. దేశం మొత్తం మీద చూస్తే 24 శాతమే.

కారణాలు మా వీధిలోనే కనిపిస్తాయి. కోతలకు మిషన్ వచ్చింది, పిండి రుబ్బడానికి గ్రైండర్ వచ్చింది, నీళ్లు కుళాయికి వచ్చాయి. ఒంటికి పని తగ్గింది కానీ కంచంలో అన్నం తగ్గలేదు, కూరలో నూనె పెరిగింది. పిల్లల ఆపరేషన్ అయ్యాక, గర్భసంచి తీశాక ఒళ్లు రావడం మామూలే అని అందరూ సర్దుకున్నారు. "నేనేం తింటన్నానమ్మా, గాలి పీల్చినా లావెక్కతన్నా" అంటారు. ఆ మాటను అబద్ధమని నేనెప్పుడూ అనుకోలేదు. వాళ్లకు నిజంగా అట్లాగే అనిపిస్తుంది.

వీళ్లలో చాలామందికి చదవడం రాదు, లేదంటే కూడబలుక్కుని చదువుతారు. ఓపీలో ఒక్కొక్కరికీ దొరికేది కొద్ది నిమిషాలు. ఆ కాస్త సమయంలో బరువు గురించి చెప్పాలంటే ఏ పద్ధతి పనికొస్తుంది? ఇన్నేళ్లలో నేను అయిదు పద్ధతులు పట్టుకుని చూశాను: చార్టు, క్లాసు, అయిదు నిమిషాల మాట, పొదుపు సంఘం, ఫోన్.

ముందు చార్టు సంగతి. ఒక శిక్షణలో మాకు డైట్ చార్టుల కట్ట ఇచ్చారు. 1500 కేలరీలు, ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, వెన్న తీసిన పాలు అని అచ్చు వేసి ఉంది. 78 కిలోలున్న ఒకామెకు ఒకటి ఇచ్చి, ఇందులో ఉన్నట్టు తినమని పంపాను. మూడు నెలల తర్వాత వాళ్లింటికి పోతే ఆమె దేవుడి పటం వెనక నుంచి ఆ కాగితం తీసి చూపించింది. మడత కూడా నలగలేదు. "నువ్విచ్చిన కాయితం భద్రంగా పెట్టానమ్మా" అంది. ఎవరితోనైనా చదివించుకున్నావా అని అడిగాను. "మా పిలకాయ చదివాడు. అందులో ఉండేటియి ఒక్కటీ మనింట్లో లేవు" అంది. బరువు చూస్తే 79. ఆమె కాగితానికి ఇచ్చిన మర్యాదలో పదో వంతు ఆ కాగితం ఆమెకు ఇవ్వలేదని నాకు బాధ కలిగింది.

అయినా చార్టు పూర్తిగా దండగ అనను. చదువుకున్న కూతురో కోడలో వంట చేసే ఇంట్లో, మన కూరలూ మన గింజలూ బొమ్మలుగా వేసి ఉంటే గోడ మీద గుర్తుగా పనికొస్తుంది. ఒట్టి కాగితం చేతిలో పెట్టి చెప్పాను అనుకోవడమే తప్పు. ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆరోగ్యం మాట అర్థం కావడం, అక్షరం రావడం ఒకటి కాదు. డిగ్రీ చదివిన టీచరమ్మ కూడా ప్యాకెట్ మీద కొలెస్ట్రాల్ లేదని రాసి ఉంటే ఆ నూనె ఎంత పోసినా పర్లేదు అనుకుంటుంది. గింజల నుంచి తీసే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, గ్రాముకు 9 కేలరీలు మాత్రం అన్నిట్లోనూ ఉంటాయి. అదే ఊళ్లో వేలిముద్ర వేసే ఆమె పొదుపు సంఘంలో పదిమంది అప్పు, వడ్డీ నోటితో లెక్క చెబుతుంది. లోపం ఆమె బుర్రలో లేదు, మేం చెప్పే తీరులో ఉంది.

ఇక పెద్ద క్లాసు. టెంటు వేసి, మైకు పెట్టి, గంటసేపు గుండె జబ్బులు, సుగరు, కేలరీలు, వ్యాయామం అన్నీ చెబుతాం. అందరూ తల ఊపుతారు. బయటికొచ్చాక ఏం చెప్పారని అడిగితే "మంచి మాటలే చెప్పారు" అంటారు. దీని మీద ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

అయిదు నిమిషాల మాట గురించి మాత్రం కాస్త వివరంగా రాయాలి. ఇది నేను చేసిన ఒక పొరపాటుతో మొదలైంది. సుగరు మాత్రలు వేసుకునే ఒక పెద్దావిడకు రాత్రి అన్నం తగ్గించమని చెప్పాను. ఆమె సరేనంది, నేను రిజిస్టరులో టిక్కు పెట్టాను. ఆమె తగ్గించడం అంటే మానేయడం అనుకుంది. మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా పడుకుంది. తెల్లారుజామున సుగరు బాగా పడిపోయి, ఒళ్లంతా చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోయింది. ఇంట్లోవాళ్లు చక్కెర నీళ్లు తాగించబట్టి గండం గడిచింది. ఆ రోజు నుంచి "అర్థమైందా?" అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు మన ఆడవాళ్లు ఎవరూ లేదని చెప్పరు, అది మర్యాద కాదనుకుంటారు.

ఇప్పుడు ఇలా అడుగుతాను: "అక్కా, నేను సరిగ్గా చెప్పానో లేదో నాకు తెలియాలి. ఇంటికి పోయి మీ కోడలికి ఏమని చెబుతావో ఒకసారి చెప్పు." పరీక్ష ఆమెకు కాదు, నాకు. అప్పుడు బయటపడే విషయాలు వింటే ఎవరికైనా కళ్లు తెరుచుకుంటాయి. ఒకామె, "రాత్రి అన్నం మానేసి టిఫిన్ తినమన్నావు" అని చెప్పింది. టిఫిన్ అంటే ఏంటక్కా అంటే, ఎర్రకారం పూసి నూనె వేసి కాల్చిన దోసెలు నాలుగు. అన్నం కన్నా అది తేలిక అని ఆమె నమ్మకం. దోసె కూడా బియ్యమే కదా, పైన నూనె అదనం. ఇంకొకామె ఉప్పు తగ్గించమంటే కూరలో తగ్గించి, చప్పగా ఉందని పక్కన ఊరగాయ రెట్టింపు వేసుకుంది. తిరిగి చెప్పించుకోకపోతే ఈ రెండూ నాకు ఎప్పటికీ తెలిసేవి కావు.

ఆ అయిదు నిమిషాల్లో ఒక్క సంగతే చెప్పాలి. నేను ఎక్కువగా నూనెతో మొదలుపెడతాను. ఎందుకంటే నూనెను ప్యాకెట్లలో లెక్కపెట్టొచ్చు. నలుగురున్న ఇంట్లో నెలకు ఎన్ని లీటరు ప్యాకెట్లు అని అడిగితే అయిదు అనో ఆరు అనో చెబుతారు. తలకు నెలకు అర లీటరు, మహా అయితే ముప్పావు లీటరు చాలు. అంటే ఆ ఇంటికి రెండు మూడు లీటర్లు. ఒకేసారి అంత తగ్గించమంటే చేపల పులుసు నోట పెట్టలేమని ఇంట్లో గొడవ. మావైపు నూనె తేలకపోతే పులుసే కాదంటారు. అందుకని ఈ నెల ఒక్క ప్యాకెట్ తక్కువ తెమ్మంటాను, ఖాళీ కవర్లు ఒక మేకుకు గుచ్చమంటాను. వచ్చే నెల కవర్లు లెక్కపెడితే చాలు, పెన్నూ కాగితం అక్కర్లేదు. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కేలరీలు ఉంటాయి. ఆమెకు ఆ అంకె చెప్పను, కాలవ గట్టు మీద దాదాపు అరగంట గబగబా నడిస్తే గానీ ఒక చెంచా నూనె కరగదు అంటాను.

బరువు ఎక్కువో కాదో చెప్పడానికి కూడా అంకెలు వద్దు. మనవాళ్లకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 23 దాటితేనే అధిక బరువు, ఆడవాళ్లకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదు అని డాక్టర్లు చెబుతారు. నేను ఒక దారం తీసుకుంటాను. అరికాలి నుంచి నడినెత్తి దాకా ఆమె ఎత్తు కొలిచి, ఆ దారాన్ని సగానికి మడిచి నడుము చుట్టూ పట్టిస్తాను. కొసలు కలిస్తే పర్లేదు, కలవకపోతే ఎంత ఎడం ఉందో ఆమె కళ్లతోనే చూస్తుంది. ఆ దారం ఆమెకే ఇచ్చేస్తాను. లావు అనే మాట నా నోట రాదు. ఆ మాట ఇంట్లోవాళ్లు, చుట్టాలు చాలాసార్లు అనేసి ఉంటారు, మళ్లీ నేనూ అంటే వచ్చే నెల ఆమె రాదు. మోకాళ్ల నొప్పి ఎట్టా ఉందక్కా అని మొదలుపెడితే మాట దానంతటదే బరువు దగ్గరికి వస్తుంది. 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గినా బీపీకి, సుగరుకు మంచిదే. సన్నగా అయిపోవాలన్న ఆశ పెట్టడం అన్యాయం.

మరి ఇంత కొద్ది మాట నిలుస్తుందా? ఇంగ్లండులో 1,882 మందితో చేసిన ఒక అధ్యయనం 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వేరే పని మీద వచ్చిన మనిషికి డాక్టరు 30 సెకన్లలో, ఫలానా చోట 12 వారాల బరువు తగ్గించే కార్యక్రమం ఉచితంగా ఉంది, పోతారా అని అడిగి, అక్కడికక్కడే పేరు రాయించారు. ఏడాదికి వాళ్లు సగటున 2.43 కిలోలు తగ్గారు. బరువు తగ్గితే మంచిదని మాత్రమే చెప్పించుకున్నవాళ్లు 1.04 కిలోలు తగ్గారు. అమెరికాలోని లూసియానాలో తక్కువ ఆదాయం ఉన్న ఆడవాళ్లతో వాళ్ల డాక్టర్లే నెలకోసారి 15 నిమిషాల చొప్పున ఆరు నెలలు మాట్లాడారు. కొద్దిగా తగ్గారు. మాట ఆగిపోయాక, ఏడాదిన్నర నాటికి ఆ మాటలు వినని మిగతావాళ్లకూ వీళ్లకూ తేడా మిగల్లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి అర్థమైంది. చిన్న మాట పనిచేస్తుంది, ఆ మాట తర్వాత పోవడానికి ఒక చోటు ఉన్నప్పుడు. మా ఊళ్లో 12 వారాల కార్యక్రమం ఎక్కడుంది?

ఉంది, పొదుపు సంఘం. ఆడవాళ్లు కలిసి కూర్చుంటే ఏమవుతుందో ఈ జిల్లాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు, వాచకంలోని ఒక పాఠం మీద మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ సారా కొట్టు మీదికి పోయారు. ఆ ఊరి రోశమ్మ లాంటి వాళ్ల వెనక ఊళ్లకు ఊళ్లు కదిలాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. ఆ తర్వాతే రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు ఇక్కడ పుట్టాయి. వాళ్లను కదిలించింది చేతిలో ఉన్న పుస్తకం ఒక్కటే కాదు. దాని చుట్టూ కూర్చుని మా ఇంట్లోనూ ఇంతే అని ఒకరితో ఒకరు చెప్పుకోవడం.

బరువు విషయంలోనూ సంఘానికి ఆ బలం ఉంది. ఒక ఆడమనిషి తెల్లవారి ఒంటరిగా రోడ్డు మీద నడిస్తే "ఏంది, పొద్దన్నే యాడికి?" అని పదిమంది అడుగుతారు, మూడో రోజు మానేస్తుంది. అయిదుగురు కలిసి పోతే ఎవరూ అడగరు. డాక్టర్లు చెప్పే వారానికి 150 నిమిషాల నడక అన్నది అప్పుడే కుదురుతుంది. అత్తగారు కూడా అదే సంఘంలో ఉంటే ఇంట్లో నూనె తగ్గడం సులువవుతుంది.

కానీ సంఘానికి ఒక పెద్ద లోటుంది. అందరి ముందు బరువు చూస్తే అందరికన్నా ఎక్కువ అవసరం ఉన్న మనిషే వెనక కూర్చుంటుంది, తర్వాత రావడమే మానేస్తుంది. మా ఊళ్లో ఒకసారి ఇలా జరిగింది, ఆమెను మళ్లీ రప్పించడానికి నాకు ఏడాది పట్టింది. గర్భసంచి ఆపరేషన్, థైరాయిడ్, ఇంట్లో తగాదాలు, రాత్రి ఆకలి వేసి లేచి తినడం లాంటివి గుంపులో ఎవరూ చెప్పరు. అవి పక్క గదిలో, తలుపు దగ్గరకు వేస్తేనే బయటికొస్తాయి.

ఫోన్ సంగతి క్లుప్తంగా. వారంలో ఏడు కిలోలు తగ్గిస్తామనే వీడియోలు వాళ్లకు రోజూ వస్తూనే ఉన్నాయి, నేను ఇంకో వీడియో పంపితే అది ఆ గుంపులో కలిసిపోతుంది. పేరు పెట్టి పిలిచి, "లక్ష్మక్కా, ఎన్ని కవర్లయినాయి?" అని అర నిమిషం వాయిస్ మెసేజ్ పెడితే మాత్రం జవాబు వస్తుంది. ముఖాముఖి మాట్లాడిన తర్వాత, మధ్యలో తీగ తెగిపోకుండా ఉంచడానికి అది బాగుంటుంది.

ఒక్కటే ఎంచుకోమంటే నేను అయిదు నిమిషాల మాటే ఎంచుకుంటాను, నెలనెలా అదే మనిషి అడగాలన్న షరతుతో. ఆ మాట నిలబడాలంటే మాత్రం సంఘం కావాలి. తూకం క్లినిక్‌లో, నడక సంఘంతో. బరువు తూచేది ఒంటరిగా, కవర్లు లెక్కపెట్టేది కావాలంటే అందరిలో. చార్టు ఇవ్వాల్సి వస్తే ఆఖర్న, మాట్లాడుకున్నది గుర్తు పెట్టుకోవడానికి ఇవ్వండి.

నా తోటి ఏఎన్ఎంలు, ఆశా చెల్లెళ్లు టైం ఎక్కడిదక్కా అని అడుగుతారు. రోజుకు నలభై మందితో నేనూ అందరికీ చెప్పలేను. బీపీ చూసి, మాత్రలు చేతికిచ్చేటప్పుడు రోజుకు నలుగురితో మాట్లాడతాను, వాళ్ల పేర్ల పక్కన ఆ నెల ఏం చెప్పానో ఒక్క ముక్క రాసుకుంటాను: నూనె, దోసె, నడక. సుగరు మాత్రలు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు తిండి గురించి చెప్పేముందు డాక్టరును అడుగుతాను. ఆయాసం, కాళ్ల వాపు, ఉన్నట్టుండి బరువు పెరగడం ఉంటే అసలు మాటలు పెట్టుకోను, డాక్టరు దగ్గరికి పంపిస్తాను. వచ్చే నెల ఆమె తిరిగొచ్చినప్పుడు మొదట అడిగేది ఆ రాసుకున్న ముక్కే. తగ్గకపోయినా అదే ముక్క ఇంకో నెల.