హౌస్ సర్జన్సీలో అనస్థీషియా పోస్టింగ్: నా రివ్యూ

కోస్తాలోని ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివాను, చదువు చివర ఏడాది పాటు ఆసుపత్రిలో పనిచేసే హౌస్ సర్జన్సీ కూడా అక్కడే చేశాను. ఆ ఏడాది మొత్తంలో అనస్థీషియాకి, అంటే మత్తు డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చేది రెండు వారాలు. "ఆ రెండు వారాలూ రెస్టే, పీజీ ఎంట్రన్స్‌కి చదువుకో" అన్నారు సీనియర్లు. నేను వాళ్ల మాట వినలేదు. ఇప్పుడు ఒక సీహెచ్‌సీలో, అంటే చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌గా చేస్తున్నాను కాబట్టి, విననందుకు ఎంత మేలు జరిగిందో జూనియర్లకి చెప్పాలనిపించింది.

వార్డు రౌండ్స్‌లో ఒక ప్రొఫెసర్ చుట్టూ పాతిక మందిమి మూగుతాం. వెనక వరసలో ఉన్నవాళ్లకి పేషెంట్ కాళ్లు తప్ప ఏమీ కనపడవు. థియేటర్‌లో టేబుల్ తలవైపు అలా ఉండదు. అక్కడ మత్తు డాక్టర్, ఒక పీజీ, ఒక హౌస్ సర్జన్, అంతే. కేసు రెండు గంటలు నడిస్తే ఆ రెండు గంటలూ మన పక్కనే నిలబడి చెప్పే మనిషి ఉంటారు. ఇన్నేళ్ల చదువులో నా చెయ్యి పట్టుకుని పని నేర్పిన డిపార్ట్‌మెంట్ ఇదొక్కటే.

మొదటి రోజు గాల్ బ్లాడర్ కేసు. పేషెంట్ నిద్రలోకి జారుకోగానే మా అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడమ్ ఊపిరి అందించే మాస్క్ నా చేతికిచ్చారు. నేను దాన్ని మొహం మీద పెట్టి గట్టిగా అదిమాను. బుగ్గ పక్కనుంచి గాలి బుస్సుమని పోతోంది, ఛాతీ మాత్రం లేవడం లేదు. "నొక్కకు తల్లీ. మాస్క్‌ని మొహం మీదకి కాదు, దవడని మాస్క్‌లోకి ఎత్తు" అన్నారు. నా చిటికెన వేలు పట్టుకుని పేషెంట్ చెవి కింద దవడ ఎముక మలుపు వెనక్కి జరిపారు. బొటనవేలు, చూపుడువేలు మాస్క్ మీద సి ఆకారంలో, మిగతా మూడు వేళ్లూ ఎముక మీదే ఉండాలి. గడ్డం కింద మెత్తటి చోట వేలు పెడితే నాలుక వెనక్కిపోయి దారి మూసుకుపోతుంది. వేళ్లు సరిపడగానే కుడిచేతిలో బ్యాగ్ మెత్తబడింది, ఛాతీ లేచింది. ఆ తేడా పుస్తకంలో నాలుగుసార్లు చదివాను, చేతికి తెలిసింది ఆ రోజే.

తర్వాత మానిటర్‌కి వీపు పెట్టి నిలబడమన్నారు. "చూడకుండా సాచురేషన్ ఎలా ఉందో చెప్పు." సాచురేషన్ అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం. బీప్ ఎంత సన్నగా ఉందో వినమన్నారు. సాచురేషన్ పడేకొద్దీ ఆ శబ్దం గొంతు దిగుతూ వస్తుంది. చెవి మానిటర్ మీద, కన్ను ఛాతీ మీద ఉంచాలని రోజుకి పదిసార్లు గుర్తుచేసేవారు. హైదరాబాద్‌లో 1888, 1889ల్లో క్లోరోఫామ్ మత్తు ఎంత క్షేమమో తేల్చడానికి జరిగిన క్లోరోఫామ్ కమిషన్ల గురించి నాకు తెలిసింది కూడా ఆ టేబుల్ దగ్గరే. అక్కడి మెడికల్ స్కూల్ నడిపిన ఎడ్వర్డ్ లారీ నాడిని కాదు, ఊపిరినే చూడమని తన విద్యార్థులకి నేర్పేవాడు. క్లోరోఫామ్ నేరుగా గుండెను కూడా ఆపగలదని తర్వాత తేలింది. "అందుకే మనం రెండూ చూస్తాం" అన్నారు మేడమ్. లారీ దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. మన హైదరాబాద్‌లో ఇంత కథ ఉందని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

థియేటర్ ఒక్కటే కాదు, ఆపరేషన్‌కి ముందు పేషెంట్‌ని పరీక్షించి ఫిట్‌నెస్ ఇచ్చే పీఏసీ గది కూడా వదలకండి. పేషెంట్‌తో నోరు తెరిపించి, నాలుక బయటపెట్టించి, గొంతు ఎంత కనపడుతోందో చూసి, ఊపిరి ట్యూబ్ వేయడం ఎంత కష్టమో ముందే అంచనా వేసే మల్లంపాటి గ్రేడింగ్ అక్కడే చేతికొచ్చింది. "ఆ" అనిపించకూడదని, అనిపిస్తే గ్రేడ్ మారిపోతుందని సార్ ఆపి మరీ చెప్పారు. 1985లో దాన్ని ప్రచురించిన మల్లంపాటి శేషగిరిరావు గారు గుంటూరు మెడికల్ కాలేజీలోనే చదివారని కూడా చెప్పారు. ఆ మాటకి గది మొత్తం నిటారుగా కూర్చుంది.

ఇంకోటి. ఆపరేషన్ రోజు పొద్దున ఒక పెద్దావిడని "ఏమైనా తిన్నారా అమ్మా?" అని అడిగాను. "లేదమ్మా" అంది. నేను రాసేసుకున్నాను. మేడమ్ వచ్చి "టిఫిన్ చేశావా?" అని అడిగితే, "రెండు ఇడ్లీలే తిన్నానమ్మా" అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. మన ఇళ్లలో తినడమంటే అన్నం తినడమే కదా. ఇడ్లీకి ఆరు గంటలు ఆగాలి, పాలు పోసిన టీకీ అంతే. మంచినీళ్లకైతే రెండు గంటలు చాలు. అందుకే అన్నం, టిఫిన్, టీ అని మూడూ విడివిడిగా అడగాలి. ఇప్పటికీ అలాగే అడుగుతున్నాను.

మొన్న వానల్లో రాత్రి రెండింటికి ఒక కుర్రాడిని మోసుకొచ్చారు. నేల మీద పడుకుంటే కట్లపాము కాటేసింది. రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. యాంటీవీనమ్ మొదలుపెట్టాం గానీ ఊపిరి తేలిపోతోంది. గొంతులోంచి శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడం నాకు అంతకుముందు రెండుసార్లే కుదిరింది. "ట్యూబ్ పడకపోతే పేషెంట్ పోడు, ఊపిరి అందకపోతే పోతాడు" అన్న మేడమ్ మాట గుర్తొచ్చి మాస్క్ అందుకున్నాను. 108లో జిల్లా ఆసుపత్రి దాకా యాభై నిమిషాలు నేనూ అంబులెన్స్‌లోని ఈఎంటీ (టెక్నీషియన్) మార్చి మార్చి, మాస్క్‌కి తగిలించి చేత్తో గాలి అందించే అంబు బ్యాగ్ నొక్కాం. గుంతలో బండి ఎగిరినప్పుడల్లా బీప్ కాస్త దిగేది. నా చిటికెన వేలు మళ్లీ దవడ వెనక్కి వెతుక్కునేది. ఎనిమిదో రోజున ఆ అబ్బాయి నడిచి ఇంటికెళ్లాడు.

లోపాలు కూడా చెప్పాలి. మాకు టైమ్‌టేబుల్ అంటూ ఏదీ ఇవ్వలేదు. మొదటి రెండు రోజులు మమ్మల్ని పట్టించుకున్నవాళ్లు లేరు. ఎమర్జెన్సీ థియేటర్‌లో వేస్తే సగం టైమ్ బ్లడ్ బ్యాంక్‌కి పరుగులకే సరిపోయింది. మాస్క్, ట్యూబ్ ప్రాక్టీస్ చేసే ఎయిర్‌వే బొమ్మలు స్కిల్ ల్యాబ్ బీరువాలోనే ఉంటాయి, తాళం ఎవరి దగ్గరుందో అడిగితే ఒకరు ఇంకొకరి పేరు చెప్తారు. లాగ్‌బుక్‌లో సంతకాలన్నీ చివరి రోజు ఒక్కసారే పెట్టించుకున్నాం, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఒక సార్ మమ్మల్ని ఏదీ ముట్టుకోనివ్వలేదు. పేషెంట్ గురించి ఆయన భయం అర్థమైంది, కానీ నోటితోనైనా చెప్పి ఉంటే బాగుండేది. ఐసీయూ అసలు చూపించలేదు. రెండు వారాల్లో నైట్ ఆఫ్‌లు పోను చేతికొచ్చేవి పది రోజులే. కనీసం నెల ఉండాలి.

పోస్టింగ్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ మేడమ్‌కి ఐదుకి ఐదు. మీకు ఈ పోస్టింగ్ పడితే మొదటి కేసు లోపలికి రాకముందే, ఏడున్నరకల్లా థియేటర్‌లో ఉండండి. మెషీన్ చెక్ చేస్తూ, సిరంజీలకి లేబుళ్లు అంటిస్తూ వాళ్లు ఖాళీగా మాట్లాడేది అప్పుడే. "మాస్క్ నేను పట్టుకోవచ్చా మేడమ్?" అని అడగండి.