గులాబీ రంగా, గోధుమ రంగా? రేడియేషన్‌లో ఏది కాపాడుతుంది?

1956లో అమెరికాలోని ఒరెగాన్‌లో, రేడియేషన్‌తో శుద్ధి చేసిన మాంసం డబ్బా ఒకటి పాడైంది. అందులో బతికి దొరికిన బ్యాక్టీరియానే డైనోకాకస్ రేడియోడ్యూరన్స్. ల్యాబ్ ప్లేటు మీద దాని కాలనీలు (గుంపులు) చిన్న చిన్న గులాబీ బొట్లలా కనిపిస్తాయి. ఆ రంగు డైనోక్సాంథిన్ అనే కెరోటినాయిడ్‌ది, క్యారెట్ రంగుకు చుట్టమే. రేడియేషన్ వల్ల కణంలో పుట్టే హానికర ఆక్సిజన్ రూపాలను అది పట్టి చల్లారుస్తుంది.

బాసిల్లస్ అట్రోఫేయస్ అనే మరో బ్యాక్టీరియా దారి వేరు. దాని స్పోర్లది (గడ్డుకాలం దాటడానికి అది తయారుచేసుకునే గట్టి, నిద్రాణ కణాలది) ముదురు గోధుమ రంగు. ఇక్కడ రంగు గొడుగులా పనిచేస్తుంది: ఎండలోని యూవీ-ఏ అనే అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని, లోపలి డీఎన్ఏ దాకా పోనివ్వదు. కానీ ఎక్స్-రేల ముందు ఈ గొడుగు నిలవదు. ఇంకా శక్తి ఎక్కువున్న అతినీలలోహిత కిరణాలు, యూవీ-సీ నుంచి కూడా స్పోర్‌ను ప్రధానంగా కాపాడేది రంగు కాదు, డీఎన్ఏను అంటిపెట్టుకుని ఉండే చిన్న ప్రోటీన్లు.

అలాగని గులాబీ రంగుకే మొత్తం పేరు కట్టబెట్టడం న్యాయం కాదు. మనిషికి 5 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) ప్రాణాంతకం, డైనోకాకస్ 5,000 గ్రేలను తట్టుకుంటుంది. అయితే జన్యుమార్పుతో రంగు పోయిన రకాలు (మ్యూటెంట్లు) కూడా చాలావరకు తట్టుకుంటాయి! అసలు బలం కణంలోని మాంగనీసులో, ముక్కలైన డీఎన్ఏను కొన్ని గంటల్లోనే అతికించుకునే నేర్పులో ఉంది. నన్నడిగితే, ఒక్క రంగునే చూస్తే ఎండకు గోధుమే మేలు.