సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్: రాత్రిపూట వీణకు

పిల్లలు పడుకున్నాక గంటసేపు వీణ కచేరీ వినడం నా అలవాటు. పాత హెడ్‌ఫోన్లలో మృదంగం మోతకు వీణ మునిగిపోయేది, చెవులు చెమటతో తడిసేవి. దుకాణంలో నాకు కంఠతా వచ్చిన వర్ణాన్ని పెట్టించుకుని విన్నాకే ఈ సెన్‌హైజర్ హెడ్‌ఫోన్ కొన్నాను. తీగకు గోరు తగిలిన చిన్న గీరుడు, గమకం మెట్టు మీద జారి నిలిచిన చోటు ఎంత స్పష్టంగా వినిపించాయో! బరువు 240 గ్రాములే, మెత్తలు మఖమలువి. వెనుక భాగం తెరిచి ఉండే రకం కాబట్టి పాట బయటికి వినిపిస్తుంది. పక్కన ఎవరైనా నిద్రపోతుంటే వేరే గదిలో కూర్చోవాల్సిందే. ఇంపెడెన్స్, అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు, 120 ఓమ్‌లు, కాస్త ఎక్కువే. అందుకే నా ఫోనుకు నేరుగా పెడితే శబ్దం పీలగా ఉంది, చిన్న యాంప్లిఫయర్ కలిపాక నిండుగా పలికింది. వైరు మూడు మీటర్లు, పడక్కుర్చీ దాకా హాయిగా వస్తుంది.