మైక్రోనేషన్ ఫిల్మ్ అవార్డులకు డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

షార్ట్ ఫిల్మ్‌లు తీసి ఫెస్టివల్స్‌కి పంపేవాళ్ళు, అందులోనూ నాలాగా మైక్రోనేషన్ల (తమకు తామే దేశమని ప్రకటించుకున్నా ఏ దేశమూ గుర్తించని బుల్లి రాజ్యాల) పిచ్చి ఉన్నవాళ్ళు కాస్త ఆగి చదవండి. నేను మోసపోయాను. ఆ ఫెస్టివల్ పేరు మాత్రం రాయడం లేదు. పేరు మార్చుకుని మళ్ళీ దుకాణం తెరవడం వాళ్ళకి ఒక పూట పని. పద్ధతి తెలిస్తే ఏ పేరుతో వచ్చినా మీరే పట్టేస్తారు.

నా సినిమా నిడివి 11 నిమిషాలు. మొత్తం ఒకే షాట్, ఎక్కడా కట్ లేదు. ఒక "రాజ్యం" నిర్వహించే అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి మూడు విభాగాల్లో పంపాను, మూడింటికీ విడివిడిగా ఫీజు కట్టాను. మూడు వారాలకు రాజముద్రతో, సాంస్కృతిక మంత్రి సంతకంతో మెయిల్ వచ్చింది. ఉత్తమ ఎడిటింగ్ అవార్డు నాకే! నిజం చెప్పొద్దూ, ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. రాత్రి పడుకోబోతుంటే అప్పుడు వెలిగింది: కట్ లేని సినిమాలో వీళ్ళకి ఎడిటింగ్ ఎక్కడ కనిపించింది?

లేచి వీడియో లింక్ లెక్కలు చూశాను. అది నేను వాళ్ళ కోసమే విడిగా పెట్టిన లింక్, పాస్‌వర్డ్ కూడా వేరు. పంపిన రోజు నుంచి ఆ రాత్రి దాకా ప్లే అయింది సున్నా సార్లు. జ్యూరీ సంగతి సరే, పొరపాటున కూడా ఎవరూ నొక్కలేదు.

మర్నాడు ఇంకో మెయిల్: ట్రోఫీకి ఇంత, ఫ్రేమ్ కట్టిన సర్టిఫికెట్‌కి ఇంత, పంపడానికి ఇంత. కలిపితే ఎంట్రీ ఫీజుకి దాదాపు నాలుగింతలు. అసలు వ్యాపారం అక్కడుంది. అప్పుడు విజేతల జాబితా తీరిగ్గా చదివాను. ఫెస్టివల్ నెలనెలా జరుగుతుంది, ప్రతి నెలా పదుల కొద్దీ విభాగాలు, ఉత్త చేతులతో వెళ్ళినవాడు ఒక్కడూ లేడు. ఫెస్టివల్ డైరెక్టర్, జ్యూరీ ఛైర్మన్, నాకు సంతకం పెట్టిన మంత్రి, ముగ్గురూ ఒకే మనిషి. ఆన్‌లైన్ ప్రదర్శన అన్న రోజు వచ్చింది, పోయింది, లింక్ మాత్రం రాలేదు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు కదా, ఇక్కడ ఆ దిబ్బ కూడా లేదు.

మైక్రోనేషన్లంటేనే ఇంతే అనుకోకండి, అది అన్యాయం. అమెరికాలోని నెవాడాలో ఉన్న మొలోసియా తన కరెన్సీ వలోరా విలువను కుకీ పిండితో ముడిపెట్టింది. ఆ నవ్వులో అందరికీ వాటా ఉంది, దాచిందేమీ లేదు. ఉత్తర సముద్రంలో పాత యుద్ధకాలపు కోట మీద 1967లో మొదలైన సీలాండ్ లార్డ్, బేరన్ లాంటి బిరుదులు బాహాటంగానే అమ్ముతుంది. కొనేవాడికి తను కొంటున్నది సరదా కాగితమని తెలుసు. 2015లో అనాహైమ్‌లో మైక్రోకాన్ అనే మైక్రోనేషన్ల సమావేశం పెట్టినప్పుడు ఈ దేశాధినేతలు నిజంగానే యూనిఫారాలు, పతకాలు వేసుకుని ఒకచోట చేరారు. ఇలాంటివాళ్ళు తమలో తాము సినిమాలు చూసుకుని, నవ్వుకుని, ఓ పతకం ఇచ్చుకుంటే నేనే ముందు చప్పట్లు కొడతాను. నాకు జరిగింది అది కాదు. చూడని సినిమాకి చూశామని చెప్పి డబ్బు తీసుకున్నారు.

దేశం ముసుగులో డబ్బు లాగడం కొత్తేమీ కాదు. 1990లలో మెల్కిజెడెక్ అనే కాగితం దేశం బ్యాంకులకు లైసెన్సులు ఇచ్చి, మోసాలకు పేరుపడింది. దాని ముందు మన ట్రోఫీల రాజ్యం చిల్లర దొంగే అనుకోండి.

రిఫండ్ అడిగితే "న్యాయశాఖ" నుంచి జవాబు వచ్చింది: వివాదాలన్నీ తమ రాజ్య న్యాయస్థానంలోనే తేల్చుకోవాలట, హాజరు కావాలంటే ముందు పౌరసత్వం తీసుకోవాలట. దానికీ ఫీజు ఉంది! కోపంలో కూడా నవ్వొచ్చింది. కానీ రసీదు తీసి చూస్తే డబ్బు వెళ్ళింది ఏ రాజ ఖజానాకీ కాదు, మామూలు దేశంలో, మామూలు బ్యాంకులో, ఒక వ్యక్తి ఖాతాకి. అంటే అక్కడి చట్టం ఆయనకీ వర్తిస్తుంది. ఏ దేశమూ గుర్తించని రాజ్యం న్యాయశాఖ ఏం రాసినా మీ కార్డు బ్యాంకుకి పట్టదు. ఆ బెదిరింపుకి తగ్గకండి.

"అంతర్జాతీయ" అన్న మాటకి యజమాని ఎవరూ లేరు, ఎవరైనా తగిలించుకోవచ్చు. పోస్టర్ మీద అవార్డు గుర్తుగా వేసుకునే లారెల్ ఆకులూ అంతే. ఆస్కార్ అర్హత ఉందని ఎవరైనా అంటే మాటలు నమ్మొద్దు, షార్ట్ ఫిల్మ్‌లకి అర్హతనిచ్చే ఫెస్టివల్స్ జాబితాను అకాడమీయే బయటపెడుతుంది, అందులో పేరుందో లేదో చూసుకోండి. చిన్న ఫెస్టివల్ అయితే ఏ జాబితాలోనూ ఉండకపోవచ్చు, అది తప్పు కాదు. అప్పుడు నేనైతే పాత విజేతల్లో ఇద్దరు ముగ్గురికి మెసేజ్ పెట్టి "మీ సినిమా ఎక్కడ వేశారు, ఎంతమంది చూశారు?" అని అడుగుతాను. ఈసారి అలా అడిగితే ఒకాయన వెంటనే జవాబిచ్చాడు, ఆయన సినిమానీ ఎవరూ చూడలేదట. కట్టకముందే అడిగి ఉండాల్సింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది, నాకు దక్కినవీ ఆ లారెల్ ఆకులే.

ఇంకొకటి, ప్రతి ఫెస్టివల్‌కీ వేరే లింక్, వేరే పాస్‌వర్డ్ ఇవ్వండి. అలా చేయకపోయి ఉంటే ఆ సున్నా నాకు కనిపించేదే కాదు.

ట్రోఫీకి కట్టలేదు. ఎంట్రీ ఫీజు మీద బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను, సున్నా కనిపిస్తున్న స్క్రీన్‌షాట్, ఎడిటింగ్ అవార్డు మెయిల్ జత చేశాను. ఇంకా తేలలేదు. ఈలోగా రాజ్యం నుంచి నిన్న మళ్ళీ మెయిల్ వచ్చింది, అదే సినిమా వచ్చే నెల ఉత్తమ సంభాషణలకి నామినేట్ అయిందట. అందులో ఎవరూ నోరు విప్పరు.