సూపర్‌వైజర్లకు ప్రాబ్లం సాల్వింగ్ ట్రైనింగ్, హన్మకొండ బ్యాచ్: పంపొచ్చు, కానీ షరతులున్నాయి

డబ్బులు దండగ కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. పరకాల రోడ్డు మిల్లులవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి ఈ ట్రైనింగ్‌కు మనవాళ్లను పంపొచ్చా, డబ్బులు దండగేనా అని అడుగుతున్నారు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నా. హైదరాబాద్ సంస్థ ఒకటి హన్మకొండలో హోటల్ హాలు తీసుకుని నడిపే బ్యాచ్ ఇది. రెండు రోజులు క్లాసు, మూడో రోజు మన మిల్లులోనే. మనిషికి ఆరున్నర వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మధ్యాహ్నం భోజనం వాళ్లదే (పప్పు బాగుంది, మిగతాది అడగొద్దు). మా రైస్ మిల్లు నుంచి ఇద్దరు షిఫ్ట్ సూపర్‌వైజర్లను పంపి, వాళ్లతో పాటు నేనూ కూర్చున్నా.

మొదటి రోజు బోరు. స్లైడు మీద స్లైడు, జపాన్, టయోటా, అసలు కారణం దొరికేదాకా ఐదుసార్లు ‘ఎందుకు’ అని అడగడం, కారణాలన్నీ ముళ్లలా విడదీసి రాసే ఇషికావా చేప ముల్లు బొమ్మ, ఉదాహరణలన్నీ కార్ల ఫ్యాక్టరీవే. మా పక్కన కూర్చున్నవాళ్లు కరీంనగర్ గ్రానైట్ వాళ్లు, వెనక ఏనుమాముల వైపు పత్తి జిన్నింగ్ మిల్లు వాళ్లు. కారు డోరుకు పెయింట్ ఎందుకు ఊడిందో వాళ్లకెందుకు? మన రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో 1980లోనే వర్కర్లు క్వాలిటీ సర్కిళ్లు పెట్టుకుని తమ సమస్యలు తామే తేల్చుకోవడం మొదలుపెట్టారని ట్రైనింగ్ ఇచ్చే సార్ చెప్పినప్పుడు మాత్రం అందరూ తలెత్తి విన్నారు. అలాంటివి ఇంకో నాలుగు చెప్పి ఉంటే ఆ రోజు నిలబడేది. తెలుగులో ఇచ్చిన నోట్సయితే చదివితే అర్థం కాదు, మా వాళ్లు ఇంగ్లీషు కాపీ చూసి నాకు తెలుగులో చెప్పారు.

రెండో రోజు పొద్దున ఒక గంట ఉంది చూడండి, కట్టిన ఫీజంతా ఆ గంటకే చెల్లుతుంది. ఎవరి సమస్య వాళ్లు చార్టు మీద రాయాలి. మా నైట్ షిఫ్ట్ సూపర్‌వైజర్ ‘నూక ఎక్కువ పోతుంది’ అని రాశాడు. సార్ దాన్ని కొట్టేసి, ఎంత పోతుంది, ఎప్పటి నుంచి, ఏ మిషన్ దాటాక, ఏ షిఫ్టులో పోవట్లేదు అని వరసగా అడిగాడు. మనవాడు ‘యాసంగి వడ్లు గిట్లనే ఉంటయి సార్, ఎండకు పలుగుతయి’ అన్నాడు. అది అబద్ధం కాదు, ఏప్రిల్, మే ఎండల్లో కోసిన వడ్లకు లోపలే పగుళ్లుంటాయి, మర పట్టగానే విరుగుతాయి. మరి అదే లాటు పగటి షిఫ్టులో ఎందుకు విరగట్లేదన్నా అని సార్ అడిగేసరికి మనవాడి దగ్గర జవాబు లేదు. సమస్య ఎక్కడ ఉందో ఒక పక్క, ఎక్కడ లేదో ఇంకో పక్క రాయించడమే ఆ పద్ధతి. బియ్యం తీసుకునే కేంద్ర సంస్థ ఎఫ్‌సీఐకి పెట్టే పచ్చి బియ్యంలో నూక హద్దు దాటితే తిప్పి పంపుతారు, లారీ వెనక్కి వచ్చిన రోజు మిల్లులో ఉండే టెన్షన్ అందరికీ తెలిసిందే. అంత ముఖ్యమైన సంగతికి మా దగ్గర షిఫ్టు వారీగా లెక్కే లేదని అప్పుడు తేలింది.

మూడో రోజు మిల్లులో. ఊక తీసే షెల్లర్ దాటాక ఒకచోట, తవుడు తీసే ఒక్కో పాలిషర్ దాటాక ఒక్కోచోట వంద గ్రాముల శాంపిల్ తీయించి, ముక్కలు చేత్తో ఏరించి సార్ కాటా వేయించాడు. అందరం పాలిషర్ ఆపరేటర్‌ను తిడుతున్నాం, బిహార్ కుర్రాడు, పాపం. తీరా చూస్తే గింజ విరగడం షెల్లర్ దగ్గరే మొదలవుతోంది. షెల్లర్‌లో రెండు రబ్బర్ రోల్స్ ఉంటాయి, ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా తిరుగుతుంది, ఆ తేడాతోనే ఊక ఊడుతుంది. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది, అరిగేకొద్దీ తేడా తగ్గిపోయి ఊక ఊడని వడ్లు ఎక్కువగా వెనక్కి తిరిగొస్తాయి, అప్పుడు ఆపరేటర్ రోల్స్ ఇంకా దగ్గరికి బిగిస్తాడు, బిగిస్తే గింజ విరుగుతుంది. రెండు రోల్స్‌ను ఒకదాని స్థానంలో ఇంకొకటి మార్చి వేస్తూ ఉండాలి, పూర్తిగా అరిగితే కొత్తవి వేయాలి. మా దగ్గర ఈ పని పొద్దున మాత్రమే జరుగుతుంది. ఎందుకు? రాత్రి ఫిట్టర్ ఉండడు. ఉన్నవాళ్లతో మార్పిద్దామంటే కొత్త రోల్స్ స్టోర్‌లో ఉంటాయి. స్టోర్ తాళం మా ఓనర్ సేటు ఇంట్లో ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే. చివరి ‘ఎందుకు’ సేటు టేబుల్ దగ్గరికి వెళ్లి ఆగుతుంది, సేటు ముందు ఆ మాట అనే సూపర్‌వైజర్ మా చుట్టుపక్కల నాకైతే కనపడలేదు. సార్ కారణాల దగ్గర మనుషుల పేర్లు రాయనివ్వడు, ‘తాళం రాత్రి షిఫ్టుకు అందుబాటులో లేదు’ అనే రాయిస్తాడు, అది మంచి ఉపాయం. అయినా మా సేటు ఆ సాయంత్రం వచ్చి చార్టు ముందు కూర్చున్నాడు కాబట్టి పని జరిగింది. ఇప్పుడు రెండు జతల రోల్స్ రాత్రి షిఫ్టు బీరువాలో ఉంటున్నాయి, నూక పగటి లెక్కకు దగ్గరగా వచ్చింది. జిన్నింగ్ మిల్లువాళ్ల ఓనర్ మాత్రం ఫోన్లోనే ‘సరే చూద్దాం’ అన్నాడట. వాళ్ల చార్టు ఇంకా గోడ మీదే ఉందని విన్నా.

ఇంకో లోపం, నెల తర్వాత వచ్చి చూస్తామన్నారు, రాలేదు. ఫోన్ చేస్తే వచ్చే బ్యాచ్ గురించి చెప్తారు. సర్టిఫికెట్ మాత్రం ల్యామినేషన్ చేసి మరీ పంపారు. అదేం చేసుకోను?

కాబట్టి కట్టే ముందు రెండు అడగండి: మూడో రోజు మన మిల్లులో ఉంటుందా, ఆ సాయంత్రం ఓనర్‌ను కూర్చోబెడతారా. క్లాసు వరకే అంటే వద్దు, ఆ స్లైడ్లు యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతాయి. వానాకాలం వడ్లు దిగేలోపు ఇంకో బ్యాచ్ ఉందంటున్నారు. ఈసారి సూపర్‌వైజర్‌ను కాకుండా ఫిట్టర్‌ను పంపుదామని సేటుకు చెప్పా, ఫిట్టర్ మూడు రోజులు లేకపోతే షెల్లర్ ఎవరు చూస్తారని అడుగుతున్నాడు.